ఒకరి తరువాత ఒకరు
(రేడియో ప్రసంగ పాఠము)

  

ఈ రోజు నేను ఎంచుకున్న అంశం విని మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. ఆరాధన ముగిశాక, దీవెన పలికాక, "సంఘ సభ్యులు మాత్రం కాసేపు ఆగండి, మీటింగు ఉంది" అని ఒక ప్రకటన వస్తుంది చూడండి, ఆ మీటింగు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఆ ప్రకటన వినగానే సగం మంది చెప్పులు వెదుక్కుంటారు. ఎందుకు వెళ్ళిపోతున్నారమ్మా అని అడిగితే, "అక్కడ మేమేం మాట్లాడతాం అయ్యగారూ, మాట్లాడేవాళ్ళు ఉన్నారు కదా" అంటారు. ఈ జవాబు నన్ను చాలాకాలంగా బాధపెడుతూ ఉంది.

దయచేసి మీ బైబిలులో అపొస్తలుల కార్యములు పంతొమ్మిదవ అధ్యాయం తెరవండి. ఎఫెసు పట్టణంలో దేమేత్రియ అనే కంసాలి తన వృత్తివారిని రేపాడు. జనమంతా నాటకశాలలోకి దూసుకుపోయారు. అక్కడ కొందరు ఒకటి అరుస్తున్నారు, మరికొందరు ఇంకొకటి అరుస్తున్నారు. వచ్చినవారిలో ఎక్కువమందికి తాము ఎందుకు వచ్చామో కూడా తెలియదని లూకా రాశాడు. ఒక మనిషి మాట్లాడబోతే మాట్లాడనివ్వలేదు. రెండు గంటల సేపు ఒకే కేక. చివరికి వారిని శాంతపరచింది ఎవరు? అపొస్తలుడు కాదు, విశ్వాసి కూడా కాదు. ఆ ఊరి కరణం. మన తెలుగు బైబిలులో ఆయనకు పెట్టిన పేరు అదే, కరణం. ఆయన చెప్పిందేమిటంటే, ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే న్యాయస్థానం ఉంది, ఇంకేదైనా తేల్చుకోవలసి ఉంటే క్రమమైన సభలో తేల్చుకోండి, ఈ అల్లరికి మనం ఏ కారణమూ చూపలేము అని. ఇంత చెప్పి సభ ముగించి పంపేశాడు.

నేను ఈ భాగం చదివినప్పుడల్లా మన సంఘ సభలే గుర్తుకొస్తాయి. నవ్వకండి. ఎందుకు పిలిచారో తెలియని సభలు మనకు లేవా? అజెండా లేదు. పైకప్పు గురించి మొదలైన మాట క్రిస్మస్ లెక్కలకు పోతుంది, అక్కడి నుంచి మూడేళ్ళ కిందట ఎవరో ఎవరినో అన్న మాటకు పోతుంది. గట్టి గొంతు ఉన్న నలుగురు మాట్లాడతారు, తక్కినవారు గోడ గడియారం చూస్తారు. ఆఖరికి అధ్యక్షుడు లేచి, "అందరికీ సమ్మతమే కదా, ఆమేన్ అనండి" అంటాడు. ఆమేన్ అన్నాక ఇంకేముంది? ఆమేన్‌కు వ్యతిరేకంగా చెయ్యెత్తే ధైర్యం ఎవరికుంది?

నాకు తెలిసిన ఒక సంఘం ఉంది. పేరు చెప్పను. గుడి ఆనుకుని ఉన్న కొద్దిపాటి స్థలాన్ని అద్దెకు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి ప్రశ్న. ఆ రోజు సభలో ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. నిర్ణయం ఏమిటో రాసుకోలేదు. ఇచ్చేద్దామన్నారని ఒక వర్గం, అలా అనలేదని ఇంకొక వర్గం. ఏడాది తిరిగేసరికి గుడి తలుపుకు రెండు తాళాలు పడ్డాయి, ఒకరి తాళం మీద ఒకరిది. ఈస్టర్ ఆరాధన రోడ్డు పక్కన షామియానా కింద జరిగింది. అక్కడ చెడ్డవారెవరూ లేరు శ్రోతలారా. ఇరుపక్షాలవారూ నాకు తెలుసు, ఇరుపక్షాలూ ఉపవాస ప్రార్థనలు చేసేవారే. వారికి భక్తి ఉంది. సభ నడిపే పద్ధతి తెలియలేదు.

నేను చదివిన వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ నేర్పారు, గ్రీకు నేర్పారు, ప్రసంగ శాస్త్రం నేర్పారు. వంద మంది కూర్చున్న సభలో ఒక ప్రతిపాదన మీద ఎలా ఓటు తీసుకోవాలో ఒక్క పూట కూడా నేర్పలేదు. సంఘంలో అడుగుపెట్టిన మొదటి నెలలోనే కావలసి వచ్చింది మాత్రం అదే.

ఈ ఇబ్బంది పాతదే. 1863లో అమెరికా దేశంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో, ఫస్ట్ బాప్టిస్ట్ సంఘంలో ఒక సభ జరిగింది. అంతర్యుద్ధపు రోజులవి. దానికి అధ్యక్షత వహించమని హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరును అడిగారు. పాతికేళ్ళవాడు. తండ్రి బాప్టిస్టు పాదిరి. ఆ తండ్రే తరువాత 1870లలో, దాసత్వం నుంచి విడుదలైన నల్లజాతి యువకులకు చదువు చెప్పే కళాశాలకు మొదటి అధ్యక్షుడయ్యాడు. నేడు అది మోర్‌హౌస్ కళాశాల. అలాంటి ఇంటి బిడ్డ, కోటలు కట్టే ఇంజనీరు, ఒక సంఘ సభను నడపలేకపోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. సభ గందరగోళమైంది. ఈ విద్య కొంతైనా తెలుసుకోకుండా మరో సభకు వెళ్ళకూడదని ఆయన ఆ రోజే నిశ్చయించుకున్నాడు. దొరికిన నాలుగు నియమాలు ఒక చిన్న కాగితం మీద రాసుకుని చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాడట. తరువాత ఉద్యోగరీత్యా శాన్‌ఫ్రాన్సిస్కో వెళితే, అక్కడ దేశం నలుమూలల నుంచీ వచ్చినవారు ఎవరి ఊరి పద్ధతి వారిదే సరైనదని వాదించుకోవడం చూశాడు. 1876లో సొంత డబ్బు పెట్టి 4,000 ప్రతులు అచ్చువేయించాడు. కొద్ది నెలల్లోనే అన్నీ అమ్ముడుపోయాయి. 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' అని దానికి పేరు. 2020లో పన్నెండవ కూర్పు వెలువడింది. పార్లమెంటులో వాడే పద్ధతులను సామాన్యుల సంఘాలకు సరిపోయేలా కుదించి చెప్పడమే ఆయన చేసిన పని. 1900లో తుఫాను గాల్వెస్టన్ పట్టణాన్ని ముంచి వేలమందిని చంపిన తరువాత, అక్కడ సముద్రానికి అడ్డుగోడ రూపొందించిన ముగ్గురు ఇంజనీర్ల మండలికి అధ్యక్షుడు కూడా ఈయనే. ఇది మాత్రం నేను ముచ్చటపడి చెబుతున్నాను, మన అంశానికి అవసరం లేదు.

అమెరికా సభలతో మాకేం పని అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. రాబర్ట్ ఇబ్బందిపడిన సభకు పదేళ్ళ ముందు, 1853లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ వారి సభ జరిగింది. అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? నెల్లూరులోని తెలుగు మిషనును ఉంచాలా, మూసివేయాలా అన్నది. సువార్త పని మొదలై పదిహేనేళ్ళకు పైగా అయినా చెప్పుకోదగ్గ ఫలం కనబడలేదు. డబ్బు ఖర్చవుతూ ఉంది. మూసేద్దామన్నవారి వాదనలో న్యాయం లేదని అనలేం. పటం మీద ఆ మిషను ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే పాదిరిగారు ఆ రాత్రే ఒక పద్యం రాశారు. మర్నాడు అది చదివితే విన్నవారు కన్నీళ్ళు పెట్టుకున్నారని మిషను చరిత్రలో ఉంది. మిషను నిలిచింది. 1862లో మళ్ళీ అదే ప్రశ్న వస్తే, లైమన్ జ్యువెట్ గారు, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళతాను అని పట్టుబట్టారు. అప్పుడూ నిలిచింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కవిత గొప్పదే, కాదనను. అయితే నాకు ఇంకొకటి కనబడుతుంది. ఆ ప్రశ్నను ఎవరో నలుగురు గదిలో కూర్చుని తేల్చేయలేదు. సభ ముందుకు తెచ్చారు. ఒడిపోతుందనుకున్న పక్షానికి మాట్లాడే వంతు దొరికింది. తెల్లవారేదాకా ఆలోచించుకునే వ్యవధి దొరికింది. ఆ వంతు దొరక్కపోతే మన తాతల కథ ఏమయ్యేదో ఊహించుకోండి.

సరే, పద్ధతి ఏమిటో చూద్దాం. ఒక సంఘం అనుకోండి. సభ్యులు 120 మంది. నాలుగోవంతు, అంటే 30 మంది ఉంటేనే సభ చెల్లుతుందని వారి నియమావళిలో ఉంది. దీనినే కోరం అంటారు. మన లోక్‌సభకు కూడా ఈ నియమం ఉంది, రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యులలో పదోవంతు, 543 మందికి 55 మంది ఉండాలి. మన సంఘంలో ఆ రోజు 46 మంది వచ్చారు. కార్యదర్శి లెక్కపెట్టి రాశాడు. కోరం లేకపోతే ఏం చేయాలి? మంచి మాటలు మాట్లాడుకోవచ్చు, వచ్చే తేదీ పెట్టుకోవచ్చు, నిర్ణయం మాత్రం చేయకూడదు. వచ్చినవాళ్ళమైనా చేసేద్దాం అనడం, రానివారి వంతు కాజేయడమే.

అధ్యక్షుడు ప్రార్థనతో సభ ప్రారంభించి, గత సభ మినిట్సు చదివించి, అజెండాలో మొదటి అంశం చెప్పాడు. గుడి పైకప్పు. ఇక్కడే మనవాళ్ళు తప్పటడుగు వేస్తారు. "పైకప్పు గురించి ఎవరేమంటారు?" అని వదిలేస్తారు. ఎవరేమైనా అంటారు! కాబట్టి మొదట ఒకరు లేచి, అధ్యక్షుని అనుమతితో, ఒక స్పష్టమైన ప్రతిపాదన పెట్టాలి. "సంఘ నిధిలో నుంచి లక్షా యాభై వేల రూపాయలు మించకుండా ఖర్చు చేసి, వానలకు ముందే గుడి పైకప్పు మరమ్మతు చేయించాలని ప్రతిపాదిస్తున్నాను." ఎంత, దేనికి, ఎప్పటిలోగా, మూడూ అందులో ఉన్నాయి. ఇంకొకరు "బలపరుస్తున్నాను" అనాలి. బలపరచినంత మాత్రాన ఆయనకు అది నచ్చిందని అర్థం కాదు, ఇది చర్చించదగ్గదే అని అర్థం. బలపరచేవారు ఒక్కరూ లేకపోతే దాని మీద సభ సమయం ఖర్చు చేయనక్కరలేదు. అయిదారుగురే ఉండే చిన్న కమిటీలో ఈ బలపరచడం అక్కరలేదని రాబర్టే రాశాడు. అధ్యక్షుడు ఆ ప్రతిపాదనను మళ్ళీ పైకి చదవాలి. వెనుక వరుసలోని ముసలమ్మకు కూడా వినబడాలి. ఇక ఆ క్షణం నుంచి సభ ముందు ఉన్న విషయం అదొక్కటే.

ఇప్పుడు ఒక పెద్దాయన లేచి, "ముందు సమాధుల తోటకు ప్రహరీ కట్టండి, పశువులు తిరుగుతున్నాయి" అంటాడు. మంచి మాటే. అయితే అది వేరే విషయం. అధ్యక్షుడు మర్యాదగా, "పెద్దయ్యా, దీని తరువాత అది వేరే ప్రతిపాదనగా తీసుకుందాం, కార్యదర్శిగారు రాసుకుంటున్నారు" అనాలి. రాసుకున్నారని చూస్తే ఆయన కూర్చుంటాడు. మరొకాయన, "క్రిస్మస్ లెక్కలు ముందు చెప్పండి" అంటాడు. లెక్కలు అజెండాలో మూడో అంశం. ఇదే జవాబు. ఒక యౌవనస్థుడు లేచి, "లక్షా యాభై వేలు చాలవు, ఈ మధ్య రేకుల ధర పెరిగింది, రెండు లక్షలు అని మార్చండి" అంటాడు. ఇది సవరణ, అసలు విషయానికి సంబంధించినదే. దానిని ఎవరైనా బలపరిస్తే, ముందు ఆ సవరణ మీద చర్చ, ఆ సవరణ మీద ఓటు. అది గెలిచినా ఓడినా, ఆ తరువాతే అసలు ప్రతిపాదన మీద ఓటు. సవరణ గెలిచిందంటే పైకప్పు పని ఆమోదమైపోయిందని చాలామంది పొరబడతారు. కాలేదు. మరమ్మతు చేయాలా వద్దా అన్నది ఇంకా మిగిలే ఉంది. ఇంకొకరు, "మేస్త్రీ అంచనా కాగితం వచ్చేదాకా వచ్చే నెల సభకు వాయిదా వేద్దాం" అంటే అదీ చెల్లుతుంది, దాని మీదా ఓటు తీసుకోవచ్చు.

చర్చలో రాబర్ట్ పెట్టిన నియమం ఒకటి నాకు చాలా ఇష్టం. ఒక ప్రతిపాదన మీద ఒక్కో సభ్యుడు ఆ రోజు రెండుసార్లే మాట్లాడాలి, ఒక్కోసారి పది నిమిషాలు మించకూడదు. అంతేకాదు, మొదటిసారి మాట్లాడదలచినవారు ఇంకా ఉండగా, ఎవరూ రెండోసారి లేవకూడదు. మన సభలకు పది నిమిషాలు ఎక్కువే, మూడు చాలు. ఈ ఒక్క నియమం పెట్టి చూడండి. గట్టి గొంతువారు తమ వంతు అయ్యాక కూర్చోవలసిందే. అప్పుడు ఒక నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో, స్త్రీల సమాజంలో ఇరవై ఏళ్ళుగా ఉండి ఒక్కసారీ మాట్లాడని ఒక సహోదరి, "వాన పడితే ఆదివారం బడి పిల్లలు కూర్చునే మూలే ముందు కారుతుందండీ" అంటుంది. ఆ సంగతి కమిటీవారికి తెలియదు. వారు ముందు వరుసలో కూర్చుంటారు.

మాట్లాడేవారు ఒకరితో ఒకరు కాక, అధ్యక్షునితోనే మాట్లాడాలి. "నువ్వు అన్నావు", "నువ్వెవరు" అని ఎదురెదురుగా అనుకుంటే అది పోట్లాట అవుతుంది. "అధ్యక్షా, ఈ ఖర్చు ఎక్కువని నా అభిప్రాయం" అంటే అది చర్చ. ఎదుటివాని ఉద్దేశాన్ని తప్పుపట్టకూడదు. "ఇందులో ఆయనకు కమీషను ఉంది" అని ఎవరైనా అంటే అధ్యక్షుడు అక్కడే ఆపాలి. ఆధారం ఉంటే దానికి విచారణ మార్గం వేరే ఉంది. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయం గుర్తుందా? ఆత్మావేశంతో ప్రవచించేవారికి కూడా ఒకరి తరువాత ఒకరు మాట్లాడమన్నాడు, మరొకరికి ఏదైనా బయలుపరచబడితే మొదటివాడు ఊరుకోమన్నాడు. ప్రవక్తలకే ఆ నియమం ఉంటే మన కోశాధికారికి ఉండదా?

చర్చ చాలించాలని ఒకరు కోరితే? దానికి మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మిగతా వాటికి సగం మించితే చాలు, దీనికి ఎందుకు ఎక్కువ? ఎందుకంటే ఇది తోటి సభ్యుని మాట్లాడే హక్కును తీసివేస్తుంది. ఎవరి హక్కునైనా తగ్గించే పనికి ఎక్కువమంది సమ్మతి కావాలని రాబర్ట్ లెక్క.

ఇక ఓటు. "అవును అనేవారు చేతులెత్తండి." 24. ఇక్కడితో ఆపేసేవారిని చాలామందిని చూశాను. ఆపకూడదు. "కాదు అనేవారు చేతులెత్తండి" అని తప్పక అడగాలి. అడిగి, చేతులు లెక్కపెట్టేంతసేపు ఆగాలి. 15. ఏడుగురు ఏ చెయ్యీ ఎత్తలేదు. ఓటు వేసినవారిలో సగానికి మించి అవునన్నారు కనుక ప్రతిపాదన నెగ్గింది. మౌనంగా ఉన్నవారిని ఎటువైపూ కలపకూడదు. సరిసమానంగా వస్తే, రాబర్ట్ ప్రకారం ప్రతిపాదన వీగిపోయినట్టే. మన దేశంలో చాలా సంఘాల నియమావళులు అధ్యక్షునికి నిర్ణాయక ఓటు ఇస్తాయి. మీ నియమావళిలో ఏముందో అదే చెల్లుతుంది, రాబర్ట్ పుస్తకం దాని తరువాతే. ప్రతి చిన్నదానికీ చేతులు లెక్కపెట్టాలా అంటారేమో, అక్కరలేదు. "ఎవరికీ అభ్యంతరం లేకపోతే కుర్చీలు తుడిపించే ఖర్చు ఆమోదించినట్టే" అని అధ్యక్షుడు అనవచ్చు. అని, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాలి. ఒక్కరు అభ్యంతరం అన్నా ఓటుకు వెళ్ళాలి. దీనికీ "ఆమేన్ అనండి" అనడానికీ తేడా అదే. ఆమేన్‌కు అభ్యంతరం చెప్పే చోటు ఉండదు.

ఓడిపోయిన 15 మంది తరువాత మళ్ళీ మళ్ళీ అదే లేవనెత్తితే? రాబర్ట్ దీనికి ఒక కిటుకు పెట్టాడు. అదే సభలో ఒక నిర్ణయాన్ని పునఃపరిశీలించమని అడగాలంటే, గెలిచిన పక్షాన ఓటు వేసినవాడే అడగాలి. ఓడినవాడు అడిగితే చెల్లదు. గెలిచినవాడొకని మనసు మారితేనే తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి ఓడినవారు కేకలు మాని, పక్కవానికి నచ్చజెప్పుకోవాలి.

అధ్యక్ష స్థానం గురించి. చాలా సంఘాల్లో ఆ కుర్చీ మాదే, కాపరులదే. పెద్ద సభలో అధ్యక్షుడు చర్చలో ఒక పక్షం వహించకూడదు. తప్పనిసరిగా మాట్లాడవలసి ఉంటే కుర్చీ ఉపాధ్యక్షునికి అప్పగించి, ఆ అంశం తేలేదాకా దిగి కూర్చోవాలి. 1967లో మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారు లోక్‌సభ స్పీకరైనప్పుడు తన పార్టీ సభ్యత్వానికే రాజీనామా ఇచ్చారు. 1999 ఏప్రిల్ 17న కేంద్రప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269కి 270గా, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు కుర్చీలో ఉన్నది అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగిగారు. ఆయన పార్టీ ప్రభుత్వానికి మద్దతు ఇస్తున్నది. అయినా ఓట్లు సమానమైతే తప్ప స్పీకరుకు ఓటు లేదని రాజ్యాంగం చెబుతుంది. సమానం కాలేదు. వచ్చిన అంకెనే ఆయన ప్రకటించారు. పాదిరిగారి జీతం గురించి, క్వార్టర్సు గురించి చర్చ వచ్చినప్పుడు పాదిరిగారే అధ్యక్షత వహించడం నేను చూస్తూనే ఉన్నాను. తోటి కాపరులారా, ఆ అంశం వచ్చినప్పుడు మనం లేచి బయటికి వెళ్ళి కాసేపు వేపచెట్టు కింద నిలబడితే మన గౌరవం ఏమీ తగ్గదు.

మన సభల్లో మాత్రమే ఉండే రెండు కష్టాలకు రాబర్ట్ పుస్తకంలో మందు లేదు. మొదటిది, ఎవరైనా లేచి "దేవుడు నాకు చూపించాడు, ఈ స్థలం కొనవలసిందే" అనడం. దాంతో చర్చ చచ్చిపోతుంది. దేవుని మాటకు సవరణ ఎవరు తెస్తారు? నేను ఇలా అంటాను: "చాలా సంతోషం బ్రదర్. దానిని ప్రతిపాదనగా పెట్టండి. ఆత్మ మిగతావారితో కూడా మాట్లాడతాడు కదా, వారినీ విందాం." రెండవది ముగింపు ప్రార్థన. ఓటులో ఓడిన పెద్దను ముగింపు ప్రార్థన చేయమంటే, ఆయన సభలో చెప్పలేకపోయిన వాదనంతా కళ్ళు మూసుకుని దేవునికి చెబుతాడు. అందరం తల వంచుకుని వినాలి, జవాబు చెప్పే వీలు లేదు. ముగింపు ప్రార్థన ఎవరు చేయాలో సభకు ముందే నిర్ణయించుకోండి.

నియమాలు పెడితే ఆత్మను ఆర్పివేసినట్టు కాదా అని ఒక సహోదరుడు ఉత్తరం రాశారు. ఆరవ అధ్యాయం చూడమని ఆయనకు జవాబు రాశాను. యెరూషలేములో ప్రతిరోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రు అన్యాయానికి గురవుతున్నారని సణుగు పుట్టింది. సణుగు అంటే ఏమిటి? సభలో చెప్పలేని మాట వీధిలో చెప్పుకోవడం. అపొస్తలులు ఆ సణుగును పాపమని గద్దించలేదు. శిష్యులందరినీ సమకూర్చారు. ఏడుగురిని ఏర్పరచుకోండని ఒక స్పష్టమైన ప్రతిపాదన పెట్టారు, వారికి ఉండవలసిన అర్హతలు చెప్పారు. జనసమూహం ఒప్పుకుంది, ఎన్నుకున్నది కూడా జనమే. ఆ ఏడుగురి పేర్లు గట్టిగా చదివి చూడండి, స్తెఫను మొదలుకొని అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి భాషవారి చేతికే పంపకం అప్పగించారు! పదిహేనవ అధ్యాయంలో సున్నతి విషయమై పెద్ద వాదమే జరిగింది. పేతురు మాట్లాడాడు, తరువాత అందరూ ఊరకుండి బర్నబా, పౌలు చెప్పింది విన్నారు, చివర యాకోబు విషయం తేల్చి చెప్పాడు. నిర్ణయాన్ని కాగితం మీద రాసి, నోటిమాటగా కూడా చెప్పడానికి యూదాను, సీలను అంతియొకయకు పంపారు.

కాగితం మాట వచ్చింది కనుక మినిట్సు గురించి. ఎవరు ఏమన్నారో అంతా రాయనక్కరలేదు, సభ ఏం చేసిందో రాయాలి. ప్రతిపాదన పూర్తి మాటలు, ప్రతిపాదించినవారి పేరు, ఓట్ల లెక్క, తేదీ, హాజరైనవారి సంఖ్య. "ఫలానాయన కోపంగా మాట్లాడారు" అన్నది మినిట్సులో ఉండకూడదు. అది మనుమలు చదివే పుస్తకం. వచ్చే సభలో పైకి చదివి, తప్పులుంటే దిద్ది, ఆమోదం తీసుకుని, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. వదులు కాగితాలు వద్దు, పేజీ నంబర్లున్న కుట్టిన పుస్తకం వాడండి. మీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం మీకు వర్తిస్తుంది. తగాదా వస్తే మధ్యవర్తిత్వానికి గాని జిల్లా కోర్టుకు గాని వెళ్ళవచ్చునని అందులో ఉంది. కోర్టులో మొదట అడిగేది ఈ పుస్తకాన్నే. రెండు తాళాలు పడ్డ ఆ సంఘంలో ఇరుపక్షాల దగ్గరా ప్లీడర్లున్నారు, ఆ సభ మినిట్సు మాత్రం ఎవరి దగ్గరా లేవు.

ఆఖరుగా, సభకు ముగింపు సమయం కూడా ముందే చెప్పండి. పన్నెండున్నరకు మొదలై మూడింటిదాకా సాగే సభలో చివరికి మిగిలేది ఇంట్లో వంట చేయవలసిన పని లేనివారే. పొయ్యి దగ్గరికి వెళ్ళవలసిన తల్లులు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు, నడిచి పొరుగూరు వెళ్ళవలసినవారు లేచిపోయాక జరిగే ఓటు ఎవరి ఓటు? అనుకున్న సమయానికి అజెండా పూర్తి కాకపోతే, మిగిలిన అంశాలను ఫలానా తేదీకి వాయిదా వేయాలని ఒకరు ప్రతిపాదించవచ్చు, మరొకరు బలపరచవచ్చు.

వచ్చే వారం ఇదే సమయానికి సంఘ ఎన్నికలు, నామినేషన్లు, రహస్య ఓటు గురించి మాట్లాడుకుందాం. ఈలోగా మీ సంఘ నియమావళి ప్రతి ఎక్కడుందో వెదికి దగ్గర పెట్టుకోండి. చాలా చోట్ల అది గుడి బీరువాలో, పెళ్ళిళ్ళ రిజిస్టరు కింద ఉంటుంది. దొరకకపోతే కార్యదర్శిగారిని అడగండి. సభ్యులెవరైనా అడగవచ్చు. ప్రార్థన చేసుకుందాం.